ఊరికే వచ్చిన పిల్లి

కాళహస్తిలో కలంకారీ మునిరత్నంగారి దగ్గర పని నేర్చుకోవాలని ఎవరు వచ్చినా, ఆయన మొదట వాళ్ళింటికి భోజనానికి వెళ్ళేవారు. పిలిస్తే వెళ్ళడం కాదు, తానే చెప్పి వెళ్ళడం. "ఆదివారం మీ ఇంట్లో తింటా, ఉండేదే పెట్టండి" అనేవారు. పెట్టింది తిని, ఇంట్లో నీళ్ళ తొట్టి ఎక్కడుందో, వెలుతురు ఏ కిటికీలోంచి పడుతుందో, బిడ్డ పనిలో కూర్చుంటే ఇంట్లోవాళ్ళు మాటిమాటికీ లేపి బజారుకు పంపుతారో లేదో చూసి వచ్చేవారు. అంతా బాగుందనుకున్నాక కూడా కలం చేతికిచ్చేవారు కాదు. గుడ్డ ఉతకమనేవారు, కరక్కాయ దంచమనేవారు, పాలలో ముంచి ఎండేయమనేవారు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం అలాగే గడిచిపోయేవి. ఇంతా చేయించి, ఫీజు ఎంతండీ అని అడిగితే మాత్రం "చదువుకి ఫీజా?" అని కళ్ళెర్రజేసేవారు. డబ్బు పారేసి నాలుగు గీతలు నేర్చుకుపోదామని వచ్చినవాళ్ళకూ, ఊరికే కదా ఒక చెయ్యి వేసి చూద్దామని వచ్చినవాళ్ళకూ కూడా ఆయన కొరకరాని కొయ్యగానే మిగిలిపోయారు.

అలాంటి గురువు దగ్గర పదేళ్ళుగా నిలిచిన మనిషి హేమావతి. ముప్పై దాటింది. చేతిలో పని ఉంది, నోట్లో మాట ఉంది, ముక్కు మీద కోపం ఉంది. ఒకరోజు తిరుపతి నుంచి ఇద్దరమ్మాయిలు కారు కట్టించుకుని వచ్చారు. భోజనం మాట ఎత్తగానే, "మా ఇంటికెందుకండీ అంత శ్రమ, ఇక్కడికే ఏదైనా తెప్పిస్తాం" అన్నారు. మునిరత్నంగారు నవ్వి, చల్లని మజ్జిగ ఇచ్చి, వాళ్ళను తిరిగి కారెక్కించారు. కారు వీధి మలుపు తిరిగిందో లేదో హేమావతి ఇక ఉండబట్టలేకపోయింది.

"అయ్యా, ఒక మాట అడుగుతా, కోప్పడొద్దు. రూపాయి తీసుకోకుండా ఇచ్చే విద్యకి ఇన్ని కట్టుబాట్లు ఎందుకు? ఊరికే ఇచ్చేదాన్ని ఊరికే ఇచ్చేస్తే పోలా? ఉంచుకునేవాళ్ళు ఉంచుకుంటారు, పారేసేవాళ్ళు పారేస్తారు."

మునిరత్నంగారు పాలలో ముంచిన గుడ్డను పిండుతున్నారు. పిండడం పూర్తిచేసి, దులిపి, ఆమె భుజం మీద వేశారు.

"షెడ్డులో ఎలుకలు పడినాయి తల్లీ. ముందు ఒక పిల్లిని చూడు."

అడిగిందేమిటి, ఆయన చెప్పిందేమిటి! హేమావతికి ఒళ్ళు మండింది. కానీ ఎలుకల మాట అబద్ధం కాదు. కలంకారీ గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి ఎండేస్తారు. పాల జిడ్డు లేకపోతే కలంలోని నలుపు గీత మీద నిలవదు, చుట్టూ పాకిపోతుంది. ఆ పాలవాసన ఎలుకలకు విందు పిలుపు. అప్పటికే ఒక పాత గుడ్డ అంచు కొరికేశాయి. దాని పక్కనే ఉంది హేమావతి గుడ్డ.

ఆ గుడ్డ సంగతి చెప్పాలి. పదేళ్ళలో ఆమె ఎన్ని గుడ్డలు వేసినా అవి గురువుగారి పేరుతోనే వెళ్ళేవి. అది ఆ ఇంటి మర్యాద, దానికి ఆమె ఎప్పుడూ చిన్నబుచ్చుకోలేదు. ఈ ఏడు ఆయనే పిలిచి, "ఇది నీ పేరుతో పోనీ" అన్నారు. ఉగాది అయ్యాక హైదరాబాదులో పెద్ద ప్రదర్శన. ఊరికి పేరు తెచ్చిన సాలీడు, పాము, ఏనుగు, ఈ మూడింటినీ మంచమంత గుడ్డ మీద ఆమె తన ఊహతో, తన చేత్తో గీసింది. శివుడు ఎక్కడో పైన చిన్నగా ఉంటాడు. గుడ్డ నిండా ఆ మూడు జీవాలే, దేని పూజలో అది మునిగి ఉంటుంది. ఆ గుడ్డను చూసినప్పుడల్లా హేమావతికి ఛాతీ ఉప్పొంగేది, దాచుకునేది కూడా కాదు. దానికి ఎలుక పన్ను తగలకూడదు. అందుకే మర్నాడే పిల్లి కోసం బయలుదేరింది.

రైలుగేటు దాటాక ఎస్తేరమ్మగారిల్లు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన ఆమె. తుప్పల్లో దొరికినవీ, సంచుల్లో కట్టి వదిలేసినవీ తెచ్చి, జబ్బులు నయం చేసి, కావాలన్నవాళ్ళకు ఇస్తుంది. ఊళ్ళో అందరూ దాన్ని పిల్లులిల్లు అంటారు. హేమావతి వెళ్ళేసరికి అరుగు మీద, గూట్లో, కుట్టుమిషను మీద, ఎటు చూసినా నున్నటి పిల్లులు, ముఖాలు కడుక్కుంటూ.

"షెడ్డులోకా పాపా? రంగులూ మందులూ మూతలు పెట్టి ఉంటాయా? బావికి పైన వల ఉందా? మీరు ఊరికి పోతే తిండి పెట్టేదెవరు?" అని ఎస్తేరమ్మ మొదలుపెట్టింది. "రేపు నేనొచ్చి ఒకసారి చూసి పోతా. టీకాలకీ, మళ్ళీ కడుపు రాకుండా చేయించిన ఆపరేషనుకీ నాకయిన ఖర్చు ఇచ్చుకుంటే చాలు."

"పిల్లినడిగితే పిల్లనడిగినట్టు చేస్తా ఉండారేమమ్మా!"

"పిల్లయితే నోరుంటుంది పాపా, దాని కష్టం అదే చెప్పుకుంటుంది. వీటికి ముందే నేను అడగాల."

హేమావతి లేచి నిలబడింది. ఎలుకలు పట్టే జంతువుకు ఇల్లు చూడ్డమా, పైగా డబ్బులా? అక్కడ ఆయన, ఇక్కడ ఈమె, తన ప్రాణానికి ఇద్దరూ దొరికారు అనుకుంటూ చెప్పులేసుకుంది. బస్టాండు దగ్గర టిఫిను హోటలు గుణశేఖర్‌ను అడిగితే, "పిల్లా? ఉండక్కా, ఇప్పుడే ఇస్తా" అని దోసె పెనం మీదే వదిలేసి పెరట్లోకి పరుగెత్తాడు. గోనెసంచిలో వేసి, మూతి బిగించి, చేతిలో పెట్టి, పైన ఇడ్లీల పొట్లం కూడా ఇచ్చాడు. "డబ్బులేం వొద్దక్కా. తీసుకపోతే అదే పదివేలు" అన్నాడు. దోసె మాడిపోతున్నా అంత సంబరపడ్డాడేమిటని ఆమెకు తట్టలేదు. గెలిచిన మనిషిలా ఇంటికి వచ్చింది.

"ఏమడిగినారు?" అన్నారు మునిరత్నంగారు.

"ఏమీ అడగలేదయ్యా. ఊరికే ఇచ్చినారు!"

"ఊరికేనా," అని ఆయన సంచి వైపు చూసి, "మంచిదే" అన్నారు.

సంచి విప్పగానే పిల్లి హేమావతి కుడిచేతిని మోచేయి దాకా గీరేసి, కొయ్యపెట్టెల వెనక దూరింది. బూడిదరంగు, చిరిగిన చెవి, ఎముకల గూడు. హేమావతి దానికి మహారాణి అని పేరు పెట్టింది. పేరుకు తగ్గట్టే అది ఏ పనీ ముట్టుకోలేదు. సర్కారు ఆసుపత్రిలో కుక్కకాటు సూదులే పిల్లి గీతకూ వేశారు. చెయ్యి వాచి కొన్నాళ్ళు కలం పట్టడానికి లేకపోయింది. పిల్లి ఒంటి మీద నెత్తురు తాగే గోమారి పురుగులు గురువుగారి చాప ఎక్కాయి. ఆయన చాప తీసుకెళ్ళి ఎండలో వేసుకున్నారు. ఎలుకలు మాత్రం యథాప్రకారం తిరుగుతూనే ఉన్నాయి. మహారాణి వాటిని చూసేది, అవి మహారాణిని చూసేవి.

దాని ఆకలి మాత్రం తీరేది కాదు. ఎంత పెట్టినా ఇంకా అని అరిచేది. అప్పుడు హేమావతికి ఒక గొప్ప ఉపాయం తోచింది. గుడ్డలు ముంచగా మిగిలిన పాలు రోజూ కాలవలో పారబోస్తారు కదా, ఊరికే పోయే పాలు ఊరికే వచ్చిన పిల్లికి పోస్తే పోలేదా అనుకుని ఒక సాయంత్రం గిన్నె నిండా పోసింది. చేదుకు పిల్లి మొదట మూతి తిప్పుకుంది. ఆకలికి ఆగలేక మొత్తం నాకేసింది. ఆ పాలలో కరక్కాయ ఉందని హేమావతికి తెలియదా? తన చేత్తో దంచిందే. కానీ పదేళ్ళుగా కరక్కాయ అంటే ఆమెకు గుడ్డకు పట్టించే సరుకు. అది కడుపులోకి పోతే విరేచనాలు పట్టుకుంటాయని తెలుగునాట చిన్నపిల్లలున్న ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. కలంకారీవాళ్ళు తప్ప మరెవరూ చేయలేని పొరపాటు అది.

మర్నాడు మునిరత్నంగారు కొత్త శిష్యుడి ఇంట్లో భోజనానికి ఏర్పేడు వెళ్ళారు. హేమావతి షెడ్డు తలుపు తీసేసరికి పాడు కంపు కొట్టింది. పటిక అద్ది ఆరడానికి పరిచిన తన గుడ్డ మీదే పిల్లి పడి ఉంది. ఏనుగు కాలి దగ్గర్నుంచి అంచు దాకా మరక. ఆమె కేక వేసింది. పిల్లి తల కూడా ఎత్తలేదు.

అలాంటి మరకకు మందు ఒక్కటే, పారే నీళ్ళు. తడి ఆరకముందే స్వర్ణముఖి ఏటికి తీసుకెళ్ళి ఇసుకలో పరిచి కడిగితే చాలావరకు పోతుంది. ఆరిందంటే నూలు లోపలికి దిగిపోతుంది, ఇక దాన్ని వదిలించడం ఎవరి తరమూ కాదు. ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పిల్లిని పక్కకు నెట్టి, గుడ్డను చుట్టి, చంకన పెట్టుకుని గడప దాటింది. వెనక నుంచి ఒక శబ్దం వచ్చింది. అది అరుపు కాదు, ఊపిరి చిక్కుకున్న శబ్దం. వెనక్కి తిరిగి చూస్తే, బక్కచిక్కిన ఆ ఒంట్లో పొట్ట ఒక్కటే ఎత్తుగా ఉంది. ఊపిరి ఒక తీరుగా ఆడుతుంటే, పొట్ట మరో తీరుగా కదులుతోంది. గుణశేఖర్ పెరట్లోకి ఎందుకు పరుగెత్తాడో అప్పుడు అర్థమయింది. అంత ఆకలి ఎందుకో కూడా అర్థమయింది.

ఏరు పడమర. రైలుగేటు తూర్పు. హేమావతి గడపలో నిలబడి తిట్టింది. పిల్లిని తిట్టింది, గుణశేఖర్‌ను తిట్టింది, ఇంట్లో లేని గురువుగారిని తిట్టింది, తనను తాను అందరికంటే ఎక్కువ తిట్టుకుంది. అక్కడ తన పదేళ్ళున్నాయి, ఇక్కడ నిన్నమొన్న సంచిలో వచ్చిన ఒక బికారి పిల్లి ఉంది. చివరికి గుడ్డను గడప మీద దించింది. పిల్లిని చీర చెంగులో చుట్టుకుని వీధిలోకి పరుగెత్తింది. ఆటో తూర్పుకు మళ్ళింది.

"ఏం పోసినావు దీనికి?" అంది ఎస్తేరమ్మ, పిల్లి కళ్ళు విప్పి చూస్తూ.

"పాలు."

"ఏం పాలు?"

హేమావతి చెప్పింది. ఎస్తేరమ్మ నవ్వలేదు, తిట్టనూ లేదు. సెలైను సీసా వేలాడదీసి, "చెయ్యి ఇట్ల పెట్టు పాపా. సూది గుచ్చేటప్పుడు తెలిసిన చెయ్యి ఒకటుండాల" అంది. మొన్న తాను గీరేసిన చేతి మీదే మహారాణి గడ్డం ఆనించి పడుకుంది. సాయంత్రం లోపల నాలుగు పిల్లలు పుట్టాయి. రెండింటిలో ప్రాణం లేదు. మూడోది ఏడ్చింది. నాలుగోది కదలకపోతే ఎస్తేరమ్మ దాన్ని తువ్వాల్లో పెట్టి హేమావతి చేతికిచ్చి, "రుద్దు, ఆపొద్దు" అంది. ఆమె రుద్దింది. చెయ్యి లాగినా ఆపకుండా, దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ రుద్దింది. ఉన్నట్టుండి ఆ తువ్వాలులోంచి సన్నగా కీచుమని వినబడింది. బొమ్మకు కన్ను గీసే రోజున కలంకారీ చేతికి కలిగే గర్వం చిన్నది కాదు. అయితే ఆ పూట హేమావతికి కలిగిన గర్వం ముందు అది ఏ మూలకూ రాదు. తల్లికి నోరు తుడిచి, పిల్లను పాల దగ్గర చేర్చి, ఆమె అక్కడే గోడకానుకుని కూర్చుండిపోయింది.

ఖర్చు ఎంతయిందో ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎస్తేరమ్మ మొదట అడిగినదానికి ఎన్నోరెట్లు అయిందన్నది మాత్రం నిజం. తర్వాత తల్లికి చేయించిన ఆపరేషను దానికి అదనం. మళ్ళీ ఇంటికి పంపేముందు ఎస్తేరమ్మ షెడ్డు చూడ్డానికి వస్తానంది. ఈసారి హేమావతి తానే ఆటో తీసుకెళ్ళి పిలుచుకొచ్చింది. ఎస్తేరమ్మ చూపించినచోటల్లా మూతలు పెట్టింది, బావికి వల కట్టించింది.

గుడ్డ విషయానికొస్తే, ఆ రాత్రికల్లా మరక నూలులోకి దిగిపోయింది. మర్నాడు ఏట్లో ఎంత ఉతికినా పోలేదు. రంగులో ఉడకబెడితే ఏనుగు కాలు ఒక తీరు ఎరుపు, కడుపు మరో తీరు ఎరుపు అయింది. మునిరత్నంగారు దాన్ని ఎండలో పరిచి చాలాసేపు చూశారు.

"ఏటికి వెంటనే పోలేదా?"

"రైలుగేటుకి పొయ్యినానయ్యా."

ఆయన తలూపారు. మంచి గుడ్డను మడిచేటంత జాగ్రత్తగా దాన్ని తానే మడిచి, తన గుడ్డలుండే పెట్టెలో పెట్టుకున్నారు. ఆ ఏడు ప్రదర్శనలో హేమావతి పేరు లేదు. ఆమె బాగా ఏడ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని, ఇంకో గుడ్డను పాలలో ముంచింది. మళ్ళీ మొదటి గీత దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. ఏనుగును ఈసారి ఇంకా బాగా వేస్తానని గురువుగారి ఎదుటే అంది. ఆయన కాదనలేదు.

కడుపునిండా తిండి పడ్డాక మహారాణి ఎలుకల పని పట్టింది. పిల్లలు రెండూ షెడ్డంతా దొర్లుతూ పెరిగాయి. ఎవరైనా వచ్చి "బాగుండాయే!" అంటే హేమావతి తన గుడ్డను మెచ్చుకున్నంత పొంగిపోయేది. ఎండలు తగ్గాక ఒకరోజు బియ్యం మండీ చెంగల్రాయుడుగారు స్వయంగా వచ్చారు. ఊళ్ళో పెద్దమనిషి. ఏ పండక్కి చందా రాయాలన్నా మొదటి పేరు ఆయనదే. ఆయనకు ఎవరూ కాదని చెప్పిన దాఖలా లేదు.

"ఏమ్మా, గోడౌనులో ఎలుకలు ఎక్కువైనాయి. ఒక పిల్లని ఇయ్యి. మా పనోణ్ణి పంపిస్తా, సంచిలో వేసి పంపించు."

ఆయన మాట పూర్తికాకముందే హేమావతి పిల్లను ఒళ్ళోకి తీసుకుంది.

"గోడౌనులో ఎలుకల మందు పెడతా ఉండారా సార్?"

"పెట్టకుండా ఎట్లమ్మా? మూలమూలకీ పెడతాం."

"మందు తిన్న ఎలుకని ఇది తింటే ఇదీ పోతుంది. మందంతా తీసేయించండి. తీసినాక నేనొచ్చి చూస్తా. రాత్రిపూట లోపలేసి తాళం పెడతారా, తిండి ఎవరు పెడతారు, అదీ చెప్పండి. ఆపరేషను రైలుగేటు కాడ ఎస్తేరమ్మగారు చేయించి ఇస్తారు, దానికయ్యేది మీరే ఇచ్చుకోవాల. అయినాక మీరే వచ్చి ఎత్తుకుపోండి. సంచిలో మాత్రం పంపను."

చెంగల్రాయుడుగారి ముఖం మాడిపోయింది. "వీధిలో పోయే పిల్లికి ఇంత రాద్ధాంతమా? ఊరికే ఇచ్చేదానికి ఇంత పొగరు పనికిరాదమ్మా."

"ఊరికే అని మీతో ఎవరన్నారు సార్?" అంది హేమావతి. గొంతు పెంచలేదు, తల కూడా దించలేదు. "దీన్ని రుద్ది రుద్ది బతికించుకున్నా. దీని ఖరీదు నాకు తెలుసు."

ఆయన చెప్పులు టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయారు. వీధిలోకి వెళ్ళాక కూడా ఆయన గొణుగుడు వినిపిస్తూనే ఉంది. అప్పుడు హేమావతికి కాస్త బెదురు పుట్టింది. గురువుగారి వాకిట్లో గురువుగారికంటే ముందు నోరు చేసుకుంది, అదీ అంత పెద్దమనిషితో. తిరిగి చూస్తే మునిరత్నంగారు కలం మొనకు నూలు చుట్టుకుంటున్నారు. మొదటి నుంచీ అన్నీ విన్నారు.

"తప్పయిందా అయ్యా? ఇచ్చేసుంటే పోయేదా?"

ఆయన నూలు ముడి వేసి, కొస పంటితో తెంపారు.

"మళ్ళా వస్తే ఇయ్యి తల్లీ," అన్నారు. "రాలేదనుకో, ఆయప్ప అడిగింది పిల్లిని కాదు, ఊరికే వచ్చేదాన్ని."